షాద్‌నగర్ నుంచి షికాగో ఎన్ని గంటలు?

ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి పోయిన భాగం రాసినంక చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేసిన్రు. సగం మంది అడిగింది ఒకటే: "అన్నా, అమెరికా ఎంత దూరం? ఎన్ని గంటలు కూసోవాలె?"

లెక్క చెప్త. హైదరాబాద్ నుంచి షికాగో గాలి దారిన దాదాపు 13 వేల కిలోమీటర్లు. 2021 జనవరిల ఎయిర్ ఇండియా నేరుగా ఒక విమానం మొదలుపెట్టింది, పదహారు గంటల పైన పట్టేది. అది నిలవలే. దుబాయ్ల, దోహాల దిగి మారితే ఇరవై రెండు గంటలు దాటుతది. దుబాయ్ దాకా నాలుగు గంటలే. ఇక్కడ పొద్దున పదింటికి ఎక్కితే అక్కడ దిగేసరికి వాళ్ల గడియారంల పన్నెండున్నర. పైన గాలి పడమటి నుంచి తూర్పుకు కొడుతది కాబట్టి వచ్చేటప్పుడు టైం కొంత తగ్గుతది.

బాబాసాహెబ్ 1913ల బొంబాయిల ఓడెక్కి, జూలైల న్యూయార్క్ చేరిండు. వారాల ప్రయాణం. కానీ బరోడా మహారాజు స్కాలర్‌షిప్, నెలకు పదకొండున్నర పౌండ్లు, ఓడెక్కకముందే ఖాయమైంది. ఈ ముచ్చట యాదిపెట్టుకోండ్రి.

మన షాద్‌నగర్‌కు శంషాబాద్ ఎయిర్‌పోర్టు ముప్పై కిలోమీటర్లే. 2008 మార్చిల తెరిచిన్రు. అంతకుముందూ మనోళ్లు దూరాలు పోయిన్రు. పాలమూరు లేబర్ కట్టని డ్యాం ఉన్నదా? మా నాయిన బొంబాయికి పోయింది బస్సుల, ఒక రాత్రంత. విమానంల అదే బొంబాయి గంటన్నర.

ఇగ అసలు దూరం కాడికొస్త. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 20 లక్షలు. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటొద్దు. పోయే టికెట్ ఖర్చు గూడ ఇస్తరు, ఒక్క దిక్కుదే. మంచి పథకమే, కొట్లాడి కాపాడుకోవాలె. కానీ మొదటి సగం ఎప్పుడొస్తది? అక్కడ దిగి, ఐ-94 కాయితం చూపెట్టినంక. రెండో సగం మొదటి సెమిస్టర్ రిజల్ట్ వచ్చినంక. వీసాకేమో బ్యాంకుల పైసలు ముందే చూపాలె. అంటే 13 వేల కిలోమీటర్లు దాటేదాక పైసలు లేనోడే పైసలు పెట్టుకోవాలె. ఐదెకరాల పట్టా ఉన్నోని కొడుక్కు బ్యాంకు లోన్ ఇస్తది. మాదిగ వాడల రెండు రేకుల అర్రలు జూసి ఏ మేనేజర్ సంతకం పెడతడు?

మా పక్కింటి పిల్లకు ఐదు లక్షలు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన్రు. నెలకు పదిహేను వేలు, మిత్తే. ఆ పిల్ల విమానంల కూసున్నది ఒక్క దినం. ఆ అప్పు మీద వాళ్లమ్మ కూసున్నది ఏడు నెలలు.

మన అడుగుడు చిన్నదే: అడ్మిషన్, వీసా చేతికి రాంగనే మొదటి సగం వెయ్యాలె. ఓడల కాలంల సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదు?

పోయెటోళ్లు మాత్రం దిగిన దినమే ఐ-94 డౌన్‌లోడ్ చేసి పంపుండ్రి. ఆలస్యమైన ప్రతి నెలకు ఇంటికాడ మిత్తి నడుస్తది. ఆదాయం సర్టిఫికెట్ తిప్పల వచ్చే భాగంల రాస్త.