ఇంటిపేరు ముందా, ఎనకా?

"బిడ్డా, గిండ్ల నా ఇంటిపేరు ఏదో జెర చూడు."

పొద్దున నారాయణఖేడ్ బస్టాండు కాడ జిరాక్స్ షాపుల ఓ పెద్దాయన ఆధార్ కార్డు నా చేతుల పెట్టిండు. కార్డు మీద ఒక్కటే పేరు, చివర 'అప్ప'. ఫారమేమో రెండు గళ్లు నింపమంటది.

మన దిక్కు పేర్లే అంత.
'పట్లోళ్ల' అంటే పటేలోళ్లు. ముందుంటది. అదే మహారాష్ట్ర దిక్కు పోతే 'పాటిల్' అయి ఎనక కూసుంటది.
బసప్ప పేరు పిలిచినప్పుడల్లా 12వ శతాబ్దపు బసవన్న పలుకుతడు.
'ఖేడ్' అన్నా మరాఠీల పల్లెనే!

1956 దాకా మన నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలనే ఉండె. తర్వాత మెదక్‌ల కలిపిన్రు, ఇప్పుడు సంగారెడ్డి. జిల్లాలు మారినయ్ గని పేర్లు మారలే.

పెద్దాయన జెరసేపు ఆలోచించి,
"ఊర్ల మమ్మల్ని బాయికాడోళ్లంటరు" అన్నడు.

షాపు పిలగాడు ఇంగ్లీషు అక్షరాలు మూడుసార్లు కొట్టి, మూడుసార్లు తుడిపిండు.

మీ ఇంటిపేరు ఎట్ల పుట్టిందో ఎరికేనా? కామెంట్ల చెప్పున్రి.