సంచిలో స్టీరింగ్!

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోకి అడుగుపెడితే కనిపిస్తుంది చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఊరందరికీ అది ‘సీటీసీ’. కీబోర్డులు, మానిటర్లు, కేబుల్ చుట్టలు... ఆ సందడిలో ఓ పెద్దాయన చేతిసంచిలోంచి తొంగిచూస్తోంది ఓ స్టీరింగ్!

కారుది కాదు. ప్లేస్టేషన్‌లో రేసింగ్ ఆటలు ఆడేది. నిటారుగా పట్టుకున్నా తెరమీద కారు పక్కకు పోతోందనీ, బ్రేకు తొక్కకుండానే ఆగిపోతోందనీ పోయిన సెలవుల్లోనే కొడుకు దాన్ని మూలన పడేసి హాస్టల్‌కి వెళ్లిపోయాడట. పండక్కి మళ్లీ వస్తున్నాడు.

‘‘కొత్తదంటే పాతిక, ముప్ఫై వేలు. అంత పెట్టలేను. అలాగని వాడి ముఖం చిన్నబోతే చూడలేను’’ అన్నారాయన.

‘‘పారెయ్యకుర్రి సార్, ముందుగాల ఇప్పి చూద్దం’’ అన్నాడు రిపేరు కుర్రాడు.

విప్పితే లోపల మోటార్లు, పళ్లచక్రాలు. ఆటలో కారు మలుపు తిరిగినా, గతుకులో పడినా ఆ మోటార్లు స్టీరింగ్‌ను మన చేతికి ఎదురు తిప్పుతాయి. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. మోటారు ఇరుసుకి సన్నని గాట్లున్న చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంది. ఆ గాట్లలోంచి దూరే వెలుతురును లెక్కపెట్టే, స్టీరింగ్ ఎంత తిరిగిందో యంత్రం తెలుసుకుంటుంది. బిళ్ల చిట్లింది... లెక్క తప్పింది!

ఇక బ్రేకు. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది గుర్తుందా? ఆ మీట వెనకుండే పొటెన్షియోమీటరే పెడల్ కిందా ఉంటుంది. దుమ్ము చేరితే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు. అరిగితే మాత్రం మార్చాల్సిందే. ఇది అరిగింది.

దానికోసం కోఠి ప్రయాణం. పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కి సుల్తాన్‌బజార్‌లో దిగితే గుజరాతీ గల్లీ దగ్గరే. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పెట్టింది పేరు. పాత ముక్క చేతిలో ఉంటేనే పని సులువు. విలువా, కడ్డీ పొడవూ రెండూ సరిపోవాలి మరి. ధర? ఓ కాఫీ, టిఫిన్ ఖర్చంత. చిట్లిన బిళ్ల బదులు లోహపుది ఆన్‌లైన్‌లో తెప్పించారు.

కొత్తది కొనేవాళ్లు ధరకన్నా ముందు ఇంట్లో ఉన్న కన్సోల్ ఏదో చూసుకోవాలి. 2015లో వచ్చిన లాజిటెక్ జీ29, జీ920 అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ మొదటిది ప్లేస్టేషన్‌కి, రెండోది ఎక్స్‌బాక్స్‌కి. పళ్లచక్రాల రకం చవక, కాస్త చప్పుడు. బెల్టు రకం మెత్తగా తిరుగుతుంది. చక్రాన్ని నేరుగా మోటారుకే బిగించే డైరెక్ట్ డ్రైవ్‌కి బలమూ ఎక్కువే, ధరా ఎక్కువే. సెకండ్‌హ్యాండ్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌ది కొంటుంటే కన్సోల్‌కి తగిలించి చూడండి. తనంతట తానే రెండువైపులా తిరిగి మధ్యలో నిలవాలి. అడాప్టర్ వోల్టేజీ కూడా సరిచూసుకోవాలి.

వారం తర్వాత మళ్లీ సీటీసీ. కరెంటు ఇవ్వగానే స్టీరింగ్ కుడికి, ఎడమకు తిరిగి బుద్ధిగా మధ్యలో ఆగింది. ‘‘మీరే నడిపి చూడుర్రి సార్’’ అన్నాడు కుర్రాడు. మొదటి మలుపులోనే గోడకు గుద్దేశారు పెద్దాయన. నవ్వేసి, ‘‘ఇదేం ఆటరా అని రోజూ వాణ్ని తిట్టేవాణ్ని. ఇంత కష్టమా!’’ అంటూ ఇంకో రౌండు మొదలెట్టారు.