మా వాడ ముచ్చట్లు – 14: దూరపు కొండలు



పోయిన వారం ఒక విద్యార్థిని ఫోన్ చేసింది. "అక్కా, పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. ఇంట్లో మాత్రం దూరపు కొండలు నునుపు అంటున్నరు. మీరేమంటరు?" అని అడిగింది. అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. ఆ సామెతతో నాకు పాత పంచాయితీ ఉంది. ఇవాళ అదే రాస్తున్నాను.

మాది పాలకుర్తి. ఇప్పుడు జనగామ జిల్లా, నేను పుట్టినప్పుడు వరంగల్. మా మాదిగవాడలోంచి తలెత్తితే గుట్ట కనిపిస్తుంది. దాని మీద సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి గుడి. చిన్నప్పుడు గుట్ట అంటే లోకంలో అదొక్కటే అనుకునేదాన్ని.

నేను మూడో తరగతిలో ఉండగా నాయిన దుబాయి పోయాడు. మా దిక్కు గల్ఫ్‌లో ఏ ఊరికి పోయినా దుబాయే అంటారు. బోరు ఎండిపోయి అప్పు మిగిలింది. వీసా కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి ఇంకో అప్పు తెచ్చాడు. ఏజెంటు చెప్పింది తోటపని. దిగినాక చేతికొచ్చింది మేకలు కాసే పని. అల్ ఐన్ పట్నానికి దూరంగా, ఎడారిలో ఒక రేకుల షెడ్డు, ఒక నీళ్ల ట్యాంకు, ఒక మంద. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర.

ఫోన్ చేయాలంటే పైసలు ఎక్కువయ్యేవి. అందుకని ఊరికొచ్చే వాళ్ల చేత క్యాసెట్టు పంపేవాడు. అవ్వ, నేను, తమ్ముడు టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చునేవాళ్లం. ఎవరికెంత మిత్తి కట్టాలి, ఎవరికి ఏమని చెప్పాలి, అన్నీ అవే మాటలు. ఒక క్యాసెట్టులో మాత్రం ఇట్లా అన్నాడు:

"బిడ్డా, నిన్న ఈడ వాన పడ్డది. దుమ్మంత అణిగింది. పొద్దుగాల లేసి చూస్తే ఎదురుంగ పెద్ద గుట్ట! ఇన్ని దినాలు యాడుండెనో ఏమో. మన గుట్టసొంటివి పది పేర్చినా దానంత కావు. చెట్టు లేదు, చేమ లేదు, అన్ని మడతలే. నీళ్లు కోసిన గీతలు ఈడికెళ్లే లెక్కపెట్టొచ్చు."

ఆ తర్వాత ప్రతి క్యాసెట్టులో గుట్ట కనిపించిందో లేదో చెప్పేవాడు. "గుట్ట సంగతి సరే, పైసల సంగతి చెప్పుమను" అని అవ్వ టేప్‌రికార్డర్ మీదనే కసిరేది.

ఆ గుట్ట పేరు నాయినకు తెలియదు. చాలా ఏళ్లకు మ్యాపులో నేను వెతికి పట్టుకున్నాను: జెబెల్ హఫీత్. ఎమిరేట్స్, ఒమన్ సరిహద్దులో చదునైన నేల మీద ఒంటరిగా లేచిన సున్నపురాయి కొండ. ఎత్తు 1,200 మీటర్లకు పైనే. అంత ఎత్తు కొండ బయలు నేల మీద లెక్క ప్రకారం 100 కిలోమీటర్ల దూరానికి కూడా కనిపించాలి. కనిపించనిది మధ్యలో ఉన్న ఇసుక దుమ్ము వల్ల. దాని పాదాల దగ్గర సుమారు 5,000 ఏళ్ల కిందటి రాతి సమాధులు ఉన్నాయి. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొండ మీదికి మెలికలు తిరిగే తారు రోడ్డు కూడా ఉంది.

నాయిన పదకొండేళ్లకు మోకాళ్లు అరగదీసుకొని వచ్చాడు. పోయినేడు ఆ రోడ్డు వీడియో చూపించాను. ఫోను కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"దాని మీదికి తొవ్వ ఉన్నదా?"

"ఉన్నది నాయినా, కార్లు పోతయి."

చానాసేపు చూసి ఫోను తిరిగిచ్చాడు. "పదకొండేండ్లు ఎదురుంగనే ఉన్న. ఒక్కడు చెప్పలే."

నేను ఎంఏకు పోతానన్నప్పుడు అవ్వ కూడా ఇదే సామెత చెప్పింది. "దూరపు కొండలు నునుపు బిడ్డా, డీఎస్సీ రాసి కొలువు చూసుకో." ఆమె భయం అబద్ధం కాదు. నా వాడ ఏదో కనుక్కొని, "ఛందస్సు మీకెందుకమ్మా, జానపదం తీసుకోరాదూ" అన్న పెద్దమనిషి ఎదురయ్యాడు. ఫెలోషిప్ నెలల తరబడి రాక మెస్ బకాయి పేరుకుపోయింది. కొండ నునుపు కాదని నాకూ తెలిసింది. కానీ నాయినకు అంత దూరం నుంచే మడతలు కనిపించాయి కదా! కొండను నునుపు చేసేది దూరం కాదు, దుమ్ము.

ఏజెంటు చెప్పిన తోటపని దుమ్ము. పొగడ్త కూడా ఒక్కోసారి దుమ్మే. మా ఊరు పాల్కురికి సోమన పుట్టిన గడ్డ, పక్కనే పోతన బమ్మెర అని సభల్లో వింటూ పెరిగాను. ఆ సోమన రాసిన బసవపురాణంలో మాదర చెన్నయ్య ఉన్నాడని, శివుడు చోళరాజు నైవేద్యం కాదని ఆయన ఇంటి అంబలి తాగాడని, చాకలి మడివాలు మాచయ్య కూడా ఉన్నాడని ఆ సభల్లో నేను వినలేదు. పుస్తకం చేతికొచ్చినాకనే తెలిసింది.

ఇదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేలో పంట కోసం విస్నూరు దేశముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురు నిలిచింది. ఆమె 1985లో చనిపోయింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. ఆ గేటు మీద పేరు చూసి లోపలికి వచ్చిన అమ్మాయికి లోపలి తొవ్వ ఎవరు చెప్పాలి? ముందు నడిచినోళ్లమే చెప్పాలి.

అందుకని, చెల్లే, నాకు తెలిసిన మడతలు చెప్తున్నాను. నెట్ వదలకు. జేఆర్‌ఎఫ్ సంగతి, ఎస్సీల జాతీయ ఫెలోషిప్ సంగతి రెండూ ఇప్పుడే కనుక్కో. ఫెలోషిప్ ఆలస్యమైతదని అనుకొనే ఆరు నెలల ఖర్చు దగ్గర పెట్టుకో. గైడ్‌ను ఒప్పుకునే ముందు ఆ గైడ్ దగ్గర చదివిన మన పిల్లలను అడుగు. ఛందస్సు మీద చెయ్యాలనుకుంటే ఛందస్సు మీదనే చెయ్యి. మీ ఇంట్లో వాళ్లతో కొట్లాడకు. కొండ నునుపు కాదన్నది నిజమేనని ఒప్పుకో.

మెలికలు చానా ఉన్నయి. కానీ తొవ్వ ఉన్నది.