దోమలు పెంచే గది

మార్టేరు పేరు వింటే వరి రైతుకు వెంటనే విత్తనం గుర్తొస్తుంది. 1925లో మొదలైన అక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచే 1982లో స్వర్ణ వచ్చింది. తర్వాత విజేత, కాటన్‌దొర సన్నాలు వచ్చాయి. ఆ రకాల వెనక పురుగులతో పనిచేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ల పని చూద్దామనే పాలకొల్లు నుంచి బయల్దేరాను.

గాజుగదిలోకి అడుగు పెట్టగానే ఉక్క. సన్నటి వల బిగించిన పంజరాల్లో కుండీలు, కుండీల్లో వరి దుబ్బులు. దుబ్బుల మొదళ్ల నిండా నువ్వుగింజంత గోధుమరంగు పురుగులు. సుడిదోమ. చేలో ఇది పడితే మొదట గుండ్రంగా ఒకచోట పసుపు తిరుగుతుంది, ఆ సుడి వారంలో పెద్దదై ఎండి, నిప్పు తగిలినట్టు కనిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో దోమపోటు అంటే పెద్దవాళ్ల ముఖాలు ఇప్పటికీ మారిపోతాయి.

‘‘ఏడాది పొడవునా ఇవి బతికుండాలండి. పరీక్షించాల్సిన రకాలు వచ్చిన రోజున దోమ లేకపోతే ఆ సీజన్ పోయినట్టే’’ అన్నారు గది చూపించిన శాస్త్రవేత్త. అందుకే ఏమాత్రం తట్టుకోలేని తైచుంగ్ నేటివ్ 1 అనే రకాన్ని దోమల మేతకోసమే పెంచుతారు.

పక్క బల్లమీద ట్రేలు. ఒక్కో వరసలో ఒక్కో రకం మొలకలు. వాటి మధ్య తైచుంగ్ ఒక వరస, దోమను తట్టుకునే, కేరళలోని పట్టాంబి నుంచి వచ్చిన పీటీబీ 33 ఒక వరస. మొలకలకు పది పన్నెండు రోజులు రాగానే, మొలకకు ఎనిమిది పది చొప్పున పిల్ల పురుగులను వదులుతారు. తైచుంగ్ దాదాపు పూర్తిగా చచ్చేదాకా ఆగి, అప్పుడు ఒక్కో వరసకు సున్నా నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. తొమ్మిది వచ్చిందంటే ఆ రకం పోయినట్టే. నేను చూసిన ట్రేలో తైచుంగ్ మొలకలు వాలి గడ్డిలా పడున్నాయి. పీటీబీ వరస పచ్చగా నిలబడి ఉంది.

నన్ను ఎక్కువసేపు కట్టిపడేసింది మాత్రం ఒక కాగితం. బ్రోమోక్రెసాల్ గ్రీన్‌లో ముంచి ఆరబెట్టిన వడపోత కాగితాన్ని మొక్క మొదట్లో పరిచి, పైన ఆడదోమలను వదులుతారు. దోమ మొక్క ఆహారనాళంలోని రసం తాగి విసర్జించిన తేనెబంక పడినచోట నీలి మచ్చ ఏర్పడుతుంది. మర్నాడు ఆ మచ్చల వైశాల్యం కొలుస్తారు. తైచుంగ్ కింది కాగితం నిండా నీలం, పీటీబీ కింద అక్కడక్కడ చిన్న మచ్చలు. దోమ గుచ్చిందిగానీ తాగలేకపోయింది. మొక్క లోపల జరిగే ఆ పెనుగులాటను ఇంత తేలిగ్గా కంటికి చూపించే పరీక్ష నేను మరొకటి చూడలేదు.

ఈ పనికి ముగింపు లేకపోవడానికి కారణం దోమే. 1973లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 26 విడుదల చేసింది. దాని నిరోధకత ఒకే జన్యువు మీద ఆధారపడింది. కొద్ది ఏళ్లకే ఆ రకాన్నీ తినగల దోమలు పెరిగాయి. పీటీబీ 33లో ఒకటికి మించి జన్యువులు ఉన్నాయి కాబట్టే ఇంతకాలం నిలిచింది. ఒక రకం గట్టిదని తేలాక కూడా ఏటా మళ్లీ ట్రేలో పెట్టి చూడాల్సిందే.

విత్తనం ఒక్కటే దోమను ఆపదు. చేలో మిరిడ్ నల్లులు దోమ గుడ్లను పీల్చేస్తాయి, సాలీళ్లు పిల్లల్ని పట్టుకుంటాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొడితే ముందు ఈ కాపలాదార్లే చస్తాయి, ఆకుతొడిమ లోపలి దోమ గుడ్లు మాత్రం మిగులుతాయి. తర్వాత వాటినుంచి బయటికొచ్చిన పిల్లలకు అడ్డే ఉండదు. ఇండోనేషియా ఈ దెబ్బ తిన్నాకే 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మన ఊళ్లలో ఇప్పటికీ ఏ మందు కొట్టాలో దుకాణదారే చెబుతుండడం నాకు బాధగా ఉంటుంది. ఆ మాట చెప్పాల్సినవాళ్లు ఇక్కడ, ఈ ఉక్కలో ఉన్నారు.

బయట మళ్లలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి నాటారు. గాలి, వెలుతురు మొదళ్లకు తగిలితే దోమకు నచ్చదు. యూరియా ఎక్కువైన చేను మాత్రం దానికి ఇష్టం.

గట్టు మీద ఉండగా ఆ శాస్త్రవేత్తకు ఒక రైతు నుంచి ఫోన్ వచ్చింది. ‘‘మేడమ్‌గారూ, దోమ పడిందండి, ఏం కొట్టమంటారు?’’

‘‘చేనంతా తిరిగి ఎన్ని దుబ్బులు చూశారండి? దుబ్బుకు ఎన్నున్నాయి?’’

అటునుంచి నాలుగైదు అన్నాడు. పైరు ఇంకా పిలకల దశలోనే ఉంది. పది, పదిహేను దాటితేనే మందు ఆలోచిద్దామని, ముందు మడిలో నీరు తీసి ఆరగట్టమని, మిరిడ్ నల్లులు ఉన్నాయేమో దుబ్బు విడదీసి చూడమని చెప్పారు. అవి ఎలా ఉంటాయని అతను అడిగాడు. ఆవిడ గట్టు మీదే కూర్చుని, వాటి రంగు నుంచి మొదలుపెట్టి చెప్పసాగారు.