గిర్నీ దగ్గర కలిసిన బియ్యం

కాగజ్‌నగర్‌లో ఆటోవాళ్లు "రవీంద్రనగర్, నజ్రుల్‌నగర్" అని కేకలేస్తుంటే కొత్తగా వచ్చినవాళ్లు ఓసారి ఆగి వింటారు. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా అంటే గుర్తొచ్చేవి వేరు. గోండు గూడేలు, పత్తి చేలు, తాడోబా నుంచి కవ్వాల దాకా పులులు నడిచే అడవి, అవతలి గట్టున మహారాష్ట్ర. వీటి నడుమ రెండు ఊళ్లకు ఇద్దరు బెంగాలీ కవుల పేర్లు. ఒకరు మన జాతీయ గీతం రాసినాయన, ఇంకొకరు బంగ్లాదేశ్ జాతీయ కవి. ఇంత మంచి పేర్లు దక్కని వాడలు కొన్ని ఇప్పటికీ నంబర్లతోనే నడుస్తున్నాయి. విలేజ్ నంబర్ ఇంత అంటే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు. పక్క ఊళ్ల తెలుగువాళ్లు మాత్రం వీటన్నిటినీ కలిపి బెంగాలీ క్యాంపు అంటారు.

తెలుగువాళ్లకు బెంగాల్ కొత్తదేమీ కాదు. చక్రపాణి అనువాదాల్లో శరత్ నవలలు చదివి, 1953లో దేవదాసు చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లం. కానీ ఆ బెంగాల్ జమీందారీ ఇళ్లది, కలకత్తా చదువులది. కాగజ్‌నగర్‌కు వచ్చిన బెంగాల్ అది కాదు. వీళ్లలో ఎక్కువమంది నామశూద్ర కులం వాళ్లు. తూర్పు బెంగాల్ నీటి పల్లెల్లో వరి పండించుకుని, చేపలు పట్టుకుని బతికినవాళ్లు. 1947లో దేశం చీలినప్పుడు చదువు, ఆస్తి ఉన్నవాళ్లు ముందే కలకత్తా చేరారు. భూమిని నమ్ముకున్నవాళ్లు అక్కడే ఉండిపోయారు. 1950లో అల్లర్లు, 1964లో మళ్లీ అల్లర్లు. అప్పుడు కదిలారు. అప్పటికే పశ్చిమ బెంగాల్‌లో ఇక చోటు లేదు అనేశారు. కేంద్రం 1958లో దండకారణ్య ప్రాజెక్టు పెట్టి ఒడిశాలోని కోరాపుట్, కలహండి వైపూ, బస్తర్ వైపూ శరణార్థులను పంపింది. రాయపూర్ దగ్గరి మానా శిబిరంలో ఏళ్ల తరబడి గడిపిన కుటుంబాలున్నాయి. ఆ ప్రవాహంలోని పాయలే కొన్ని చంద్రాపూర్ దాకా, కొన్ని ఆదిలాబాద్ దాకా వచ్చాయి. మోకాలి లోతు నీళ్లలో నాట్లేసినవాళ్లకు సర్కారు చూపించిన చోటు ఈ మెట్ట అడవి.

వాళ్లు దిగేనాటికే కాగజ్‌నగర్ నాలుగు భాషల పట్నం. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు కంపెనీ పుట్టి, 1942లో కాగితం తియ్యడం మొదలయ్యాక కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. మిల్లు పనికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. ఖాజీపేట, బల్లార్షా లైను మీద ఊరు కాబట్టి ఎవరు వచ్చినా అంగట్లో హిందీ, ఉర్దూ కలిసిన మాట ఒకటి సిద్ధంగా ఉండేది. బెంగాలీలూ మొదట దాంతోనే బేరమాడారు. తెలుగు ఆ తర్వాత వచ్చింది. 2014లో మిల్లు మూతపడి, 2018లో కొత్త యాజమాన్యం చేతికి వచ్చి మళ్లీ నడిచేదాకా పట్నమంతా కుదేలైంది. 

మేం వెళ్లింది సంక్రాంతి ముందు. క్యాంపు మొదట్లోని గిర్నీ దగ్గర ఆడవాళ్ల తట్టలు బారు తీరి ఉన్నాయి. అన్నిటిలోనూ ఒకటే సరుకు: రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి, గుడ్డ మీద నీడన ఆరబోసిన కొత్త బియ్యం. పిడికిట పడితే ముద్ద కట్టాలి, వదిలితే రాలిపోవాలి. అంత తడి ఉంటేనే పిండి పనికొస్తుంది. తెలుగు ఇళ్లకైనా, బెంగాలీ ఇళ్లకైనా లెక్క ఇదే. తడి బియ్యం పడితే రాళ్లకు పిండి అంటుకుంటుందని గిర్నాయన గోధుమలు తెచ్చినవాళ్లను పొద్దూకినంక రమ్మంటున్నాడు.

"ఎన్ని కిలోలు వదినా?"

"నాలుగు. నీది పిఠాకేనా?"

"సగం పిఠా, సగం సకినాలు. పిల్లలు సకినాలే అడుగుతున్నరు."

రెండో గొంతు బెంగాలీ కోడలిది. పిఠా అంటే వాళ్ల బియ్యప్పిండి వంటకం. తెలుగులో ఎక్కడా తడబాటు లేదు. తడబడేదల్లా చెయ్యి. ఆ మధ్యాహ్నం ఆమె వాకిట్లో తెల్లటి పాత పంచె పరిచి, నువ్వులు, వాము, ఉప్పు కలిపిన పిండి ముద్ద పట్టుకుని కూర్చుంటే, కరీంనగర్ నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చిన పక్కింటావిడ ఎదురుగా కూర్చుని చూపించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి సన్నగా జారాలి, జారుతూనే మెలి తిరగాలి, మెలి తిరుగుతూనే చుట్టు పూర్తవ్వాలి. ఒక చుట్టు పక్కన మరో చుట్టు, మధ్యలో ఎక్కడా తెగకూడదు. కోడలిది రెండో చుట్టులోనే తెగింది. "మణికట్టు తిప్పకు, వేలు తిప్పు" అంది పక్కింటావిడ. గడప మీద కూర్చున్న ముసలమ్మ, కోడలి అత్తగారు, చాలాసేపు చూసి తానూ ఇంత ముద్ద తీసుకుంది. మొదటిదే గుండ్రంగా వచ్చింది. బియ్యప్పిండి నీళ్లలో వేళ్లు ముంచి నేల మీద ఆల్పన వేస్తూ పెరిగిన చెయ్యి అది.

తర్వాత ఆమె వంతు. పలుచటి పిండి పెనం మీద పోసి, లోపల కొబ్బరి, బెల్లం కలిపి ఉడికించిన ముద్ద పెట్టి చాపలా చుట్టారు. అది పాటిశాప్టా. తెలుగు ఇళ్లలో దీనికి అడ్డే లేదు. పూర్ణం తెలిసిన నాలుకకు కొబ్బరి బెల్లం ఎక్కడున్నా చుట్టమే. ఆవిరి మీద ఉడికించే భాపా పిఠా మాత్రం గడప దాటలేదు. "ఇడ్లీ అనుకుని కొరికితే తియ్యగుంటది. చట్నీ ఏసుకుందామా అంటే అదీ కాదాయె" అని పక్కింటావిడ ఫిర్యాదు. సకినం పట్ల ముసలమ్మకూ ఒక ఫిర్యాదుంది. పళ్లు లేనివాళ్ల పండగ కాదట అది. చాయలో ముంచుకుని తినడం ఆమె సొంత కనిపెట్టు.

బెల్లం దగ్గర ఒక చిత్రం ఉంది. బెంగాల్‌లో చలికాలం పిఠాకు అసలు రుచి తెచ్చేది నొలేన్ గుర్. అది ఈత చెట్టు నీరా కాచి చేసే బెల్లం. మన ఊళ్ల గట్ల మీద ఉండేదీ అదే ఈత చెట్టే. కత్తి పెట్టడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది, కుండ కట్టడమూ ఉంది. అక్కడ తెల్లవారకముందే దించి పొయ్యి మీద పెడతారు, ఇక్కడ పులియనిచ్చి కల్లు చేస్తారు. ఇక్కడ ఈత చెట్టు గౌడన్నల వృత్తి, ఎక్సైజ్ లెక్కల్లో ఉన్న చెట్టు. ఎవరు పడితే వాళ్లు గీయడానికి లేదు. అందుకే క్యాంపు పిఠాల్లోకి చెరుకు బెల్లమే దిగింది. ఎవరైనా చుట్టాలు బెంగాల్ నుంచి వచ్చేటప్పుడు ఆ ఈత బెల్లపు పాటాలీ దిమ్మ తెస్తే దాన్ని పెట్టెలో దాచి, చిదిపి చిదిపి వాడతారు. మాకూ ఒక ముక్క పెట్టారు. పొగ వాసన, దాని వెనక తీపి. కల్లు బట్టీల మధ్య పెరిగినవాళ్లకు ఆ చెట్టులో ఇంత తీపి ఉందని ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

చేపల సంగతి అంత సాఫీగా లేదు. వార్ధా, వైన్‌గంగా కలిసి కౌటాల మండలం తుమ్మిడిహెట్టి దగ్గర ప్రాణహిత అయ్యే నేల ఇది. చేపలకు కొదవ లేదు. రవ్వ, బొచ్చె, బంగారు తీగ అందరూ కొంటారు. తేడా అంతా పొయ్యి దగ్గరే. తెలుగు ఇంట్లో చేప ముక్క పచ్చిదే పులుసులో పడుతుంది. చింతపండు, ధనియాలు, కాస్త మెంతి పొడి. బెంగాలీ ఇంట్లో ముందు పసుపు, ఉప్పు పట్టించి ఆవనూనెలో వేయిస్తారు. ఆ తర్వాతే ఆలుగడ్డ, గోబీ పువ్వు ముక్కలతో పలుచని ఝోల్. చేపల కూరలో కూరగాయేమిటని తెలుగువాళ్ల విడ్డూరం. చేప రుచి చింతపండు మింగేస్తుందని బెంగాలీల వాదన. ఇంకో అడుగు ముందుకేసి చేప తలకాయను పెసరపప్పులో ఉడికిస్తారు. పప్పు పూర్తిగా శాకాహారపు సొత్తు అనుకునే మనకు ఆ గిన్నె ముందు కాసేపు ఆలోచన పడుతుంది. తింటే మాత్రం బాగుంది.

ఆవనూనె మొండిది. ఆవపిండి లేకుండా ఆవకాయ పెట్టని జాతికి ఆవనూనె వాసన ఎందుకు పడదో గానీ, పడదు. "అది కీళ్లకు రాసే నూనె గదా" అని నవ్వేశాడు అంగట్లో ఒకాయన. క్యాంపు వాళ్లూ ఈ విషయంలో తగ్గలేదు. రోజువారీ కూరలకు పల్లీ నూనె, పామాయిల్ వాడుతున్నారు గానీ చేపకు మటుకు ఆవనూనే. ఎవరి పొయ్యి పంతం వాళ్లది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అన్నీ కలిసిపోవడమని అనుకునేవాళ్లు ఈ వీధిలో మధ్యాహ్నం పన్నెండింటికి నడిచి చూడాలి. ఏ ఇల్లు ఎవరిదో ముక్కే చెబుతుంది.

చేపలు కోసే చోట మాత్రం కొంత అటూ ఇటూ జరిగింది. అమ్మే మనిషి నేల మీద కూర్చుని, నిలువు కత్తి ఉన్న పీటను కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో చేపను దానికేసి నడుపుతున్నాడు. మన కత్తిపీటా ఇదే, బెంగాలీలదీ ఇదే. పొట్ట చీల్చగానే తెల్లటి కొవ్వు ముద్దను పక్కన ఆకులో పెట్టాడు. ఒకప్పుడు తెలుగు గిరాకీలు దాన్ని పారెయ్యమనేవారట. బెంగాలీలు ఆ కొవ్వును ఉల్లిగడ్డ, పచ్చిమిరపతో వేయించుకుంటారు. ఇప్పుడు తెలుగు కుర్రాళ్లు కూడా "కొవ్వు నాకియ్యి దాదా" అంటున్నారు. దాంతో ఊరికే దొరికే సరుకు మీద తగువు మొదలైంది.

తెలుగు, బెంగాలీ పంచాంగాలు అన్నిటికంటే దగ్గరగా నడిచేది దసరాకు. మహాలయ అమావాస్య నాడు తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజే తెల్లవారుజామున బెంగాలీలు మహాలయ అంటూ దుర్గను పిలుస్తారు. అష్టమి నాడు ఇక్కడ సద్దుల బతుకమ్మ, అక్కడ మండపంలో అంజలి, కిచిడీ భోగం. ఉత్తరాదిలో చాలా ఇళ్లలో ఉల్లిగడ్డ కూడా ముట్టని ఆ రోజుల్లో ఈ రెండు జాతులకూ యాట కూర లేనిదే పండగ కాదు. ఈ ఒక్క సంగతి చాలు, వియ్యమందుకోవచ్చని ఒక పెద్దాయన హాస్యమాడాడు. దశమి సాయంత్రం మనవాళ్లు జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. దుర్గను నీళ్లలో వదిలి వచ్చి వాళ్లూ పెద్దలకు మొక్కి, కౌగిలించుకుని, మిఠాయి పెడతారు. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మనం పొలాల వెంట తిరుగుతామా, కలకత్తా పెద్దిళ్లలో అదే పిట్టను నీలకంఠ పక్షి అని దశమి నాడు ఎగరేసేవారు. దుర్గ బయల్దేరిందని కైలాసంలో శివుడికి చెబుతుందట. వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ ఎగరేయడం ఆగింది. క్యాంపు పిల్లలకు ఈ కథ తెలియదు, వాళ్లకది పాలపిట్టే. ముసలమ్మకు తెలుసు.

భాష దగ్గరికొచ్చేసరికి వ్యాపారం ఒకవైపే నడిచింది. క్యాంపులో తెలుగు రాని పిల్లలు లేరు. చుట్టుపక్కల తెలుగువాళ్లలో బెంగాలీ వచ్చినవాళ్లను వెతుక్కోవాలి. దాదా, బౌదీ, మాషీ అనే పిలుపులు, అంతవరకే. తప్పని కాదు గానీ, ఇంతకాలం పక్కపక్కనే ఉన్నాక ఆ మాత్రం లోటు కనపడుతుంది. ఇక్కడ బెంగాలీ మాధ్యమం సర్కారు బళ్లున్నాయి. తెలుగు, ఉర్దూ, మరాఠీలతో పాటు బెంగాలీ మాధ్యమం టీచరు పోస్టులు కూడా ఈ జిల్లా నోటిఫికేషన్లలో కనిపిస్తాయి. కానీ తల్లిదండ్రుల చూపు ఇంగ్లీషు మీద, ఆ తర్వాత తెలుగు మీద. ఒక అమ్మాయి వాళ్ల నానమ్మతో గడగడా బెంగాలీ మాట్లాడుతోంది. గోడ మీది బెంగాలీ క్యాలెండరు చదవమంటే నెల పేరు దాకా వచ్చి ఆగింది.

ఇంకో లెక్క ఎటూ తేలకుండా ఉంది. నామశూద్రులు పశ్చిమ బెంగాల్‌లో ఎస్సీలు. ఎస్సీ జాబితా రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం రాష్ట్రానికొకటి. తెలంగాణ జాబితాలో ఆ పేరు లేదు. చేర్చాలంటే పార్లమెంటు చట్టం చెయ్యాలి. రాష్ట్రం దాటించి తెచ్చింది సర్కారే, సర్టిఫికెట్ సంగతి మాత్రం పాత రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఈ కోరిక పాతదే, ప్రతి ఎన్నికల్లోనూ సభల్లో వినపడేదే.

సకినాలు చేసిన ఇంటి అబ్బాయి కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. దరఖాస్తులో కులం గడిలో ఓసీ అని నింపాడట. పక్క వీధి తెలుగు స్నేహితుడు ఎస్సీ అని నింపాడు. రెండిళ్లకూ ఉన్నది పత్తి చేనే. ఈసారి దిగుబడీ ఇద్దరికీ అంతంతమాత్రమే. పొద్దున్నే ఇద్దరూ ఒకే బండి మీద కాగజ్‌నగర్‌కు కోచింగ్‌కు పోతారు. పెట్రోలు ఒకరోజు ఒకరు, ఇంకోరోజు ఇంకొకరు. మేం బయల్దేరేటప్పుడు సకినాల డబ్బా బండికి తగిలించుకుని, కటాఫ్ ఎంతుంటదని వాదించుకుంటున్నారు.