దూరమును సాధించు విధము

మా పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పెక్కుమందికి సైకిలు వేడుకవస్తువు కాదు, చదువునకు ఆధారము. హోసూరు చుట్టుపట్ల పల్లెలలో ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము గలవు. కాని తెలుగు మాధ్యమమున పైతరగతులు చదువగోరువారు పలువురు ఊరు దాటి రావలసియున్నది. సైకిలు మూలబడినచో దగ్గరి బడియే గతియగును. అచ్చట తెలుగు లేకపోవచ్చును. కావున పిల్లల మోకాళ్ళ క్షేమము తెలుగు చెప్పు మాకును పట్టినదే.

కొన్ని నెలల క్రిందట పై తరగతివారు మాకడకు వచ్చి, కుప్పము వరకు సైకిళ్ళపై పోవలెనని కోరిరి. మేము పండిత శిక్షణ పొందినది ఆంధ్రప్రదేశమున; అచ్చటి ముచ్చటలు తరగతిలో వినివిని వారికి ఆ కోరిక పుట్టినది. దూరము 100 కిలోమీటర్లకు లోపే. అయినను దినమునకు 12 కిలోమీటర్లు తొక్కువారికి అది చిన్నది కాదు. మేము ఔననకముందే ఒక బాలుడు తన సత్తువ చూచుకొనుటకై ఆదివారమున ఒంటరిగా డెంకణికోటకు పోయివచ్చెను. రానుబోను సుమారు 50 కిలోమీటర్లు. మరునాటికి మోకాలు వాచెను. అతని తల్లి బడికి వచ్చి, "అయ్యవారూ, ఇంక సైకిలు వద్దు. బిడ్డను మా ఊరి బడిలోనే చేరుస్తాము" అనెను. ఆమె భయము న్యాయమైనదే. వైద్యుడు రెండు వారములు విశ్రాంతి విధించెను. ఆ రెండు వారముల గడువే మేమును ఆమెను కోరితిమి.

బాలలారా, ఇందలి కారణము తెలిసికొనవలెను. గుండెయు ఊపిరియు కొలది వారములలోనే శ్రమకు అలవాటుపడును. కండలను ఎముకలకు కట్టియుంచు స్నాయువులు ఆలస్యముగా బలపడును. ఆయాసము లేదు గదా యని దూరము పెంచినవాని మోకాలు నొచ్చుట ఇందువలననే. ఒక వారమునకంటె మరు వారము పదవవంతునకు మించి పెంచరాదని సైకిలు యాత్రికులు చెప్పుదురు. ఇది శాస్త్రశాసనము కాదు. అనుభవము నేర్పిన కొలత.

మేము దానిని లెక్కలోనికి తెచ్చితిమి. బడికి వచ్చిపోవుటకు వారమునకు 60 కిలోమీటర్లు. ఆదివారపు సవారి మొదటి మూడు వారములు 6, 12, 18. నాలుగవ వారము ఆదివారము విశ్రాంతి. పిదప 25, 33, 42, మరల విశ్రాంతి. పిదప 52, 63, 75. పండ్రెండవ వారము విశ్రాంతి; అటుపిమ్మట యాత్ర. విశ్రాంతి వారము సోమరితనము కాదు. అలసిన దేహము తన్ను తాను బాగుచేసికొనుట అప్పుడే. ఫ్రాన్సు దేశమున 1891లో ఆరంభమైన పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్ర దూరము సుమారు 1200 కిలోమీటర్లు. అందు పాల్గొనువారు సయితము ముందుగా 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు వరుసగా ముగింపవలయును.

దూరముతోపాటు సైకిలును చూడవలెను. సీటుపై కూర్చుండి, అడుగున నున్న పెడలుపై మడమ ఆనించినప్పుడు కాలు తిన్నగా చాగవలెను. సీటు మరీ తగ్గినచో మోకాలి ముందువైపు, మరీ హెచ్చినచో వెనుకవైపు నొప్పి పుట్టును. మా బాలుని సైకిలు తమ్మునికొరకు సీటు దించినది! బరువుగా త్రొక్కుటకంటె తేలికగా, వడిగా త్రొక్కుట మోకాళ్ళకు మేలు. కండల తీపు ఒకటి రెండు దినములలో తగ్గును. త్రొక్కినకొలది హెచ్చు కీలునొప్పిని మాత్రము ఓర్చుకొనరాదు, దిగిపోవలెను. వాపు కనిపించినచో వైద్యుని చూడవలెను.

దాహము కాకమునుపే కొంచెము కొంచెముగా నీరు త్రాగవలెను. రాగి అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ మన ఇండ్లలోనే గలవు. తెల్లవారగనే బయలుదేరి ఎండ ముదురకముందే నీడ చేరవలెను. తలకు హెల్మెట్టు, వెనుక ఎఱ్ఱదీపము తప్పనిసరి. లారీలు పరుగెత్తు 44వ జాతీయ రహదారిని విడిచి, పల్లెబాటలలో ఎడమప్రక్క ఒకరివెనుక ఒకరుగా పోవలెను.

తలిదండ్రులకు మా మనవి యొకటి. పిల్లల నోటుపుస్తకమున వారము వారము దూరము వ్రాయించి చూడుడు. ఆడపిల్లలను వెనుకకు లాగవలదు. వారి మోకాళ్ళకును ఇదే కొలత. ఆ బాలుని తల్లి చదువురానిదైనను, ప్రతి ఆదివారము అంకెలు అడిగి తెలిసికొని, 18కి మీద ఒక్కసారిగా 40 ఎందుకని కొడుకును మందలించెనట.

యాత్రదినమున మేము పదునొకండుగురము. ఆ బాలుడును ఉండెను. కుప్పము వీధులలో పిల్లలు అంగడి పలకలన్నిటిని బిగ్గరగా చదువుచు పోయిరి. తిరుగుప్రయాణమునకు సైకిళ్ళను వ్యానుపై నెక్కించితిమి. మరునాడు సోమవారము. ప్రార్థన గంటకు ముందే ఆ బాలుడు సైకిలుపై వచ్చి తన స్థానమున నిలిచెను. మాకు కావలసినది ఆ సోమవారమే.