నాగార్జునకొండకు లాంచీలో వెళ్దామా?

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు పెద్దలు. కొండల మాటెలా ఉన్నా, కూర్చుని తినేవారి పొట్ట మాత్రం కరగదు! గుంటూరు, ప్రకాశం జిల్లాల ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి నేను చూస్తున్నదిదే. చేలో పత్తి తీసేవారు, మిరపకాయలు కోసేవారు నడుం నొప్పులతో వస్తారు. ఆ పత్తికీ, ఆ మిరపకూ ధర కట్టి కొట్లో కూర్చునేవారు మధుమేహంతో, రక్తపోటుతో వస్తారు. "రోజూ నడవండి" అంటే "తీరికేదండీ డాక్టరుగారూ?" అంటారు. సరే, తీరిక దొరికిన రోజైనా నడవాలి కదా!

విదేశాల్లో ఓడలెక్కి విహరించేవారు కూడా డెక్కు మీద నడుస్తారు, ఈత కొడతారు. మనకు అంత దూరం అక్కర్లేదు. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, మాచర్ల మీదుగా వెళ్తే నాగార్జునసాగర్ వస్తుంది. దారి పొడుగునా నల్లరేగడి నేలలు. చలికాలంలో వెళ్తే విచ్చిన పత్తి తెల్లగా, శివరాత్రి నాటికి వెళ్తే కల్లాల్లో మిరప ఎర్రగా కనువిందు చేస్తాయి. ఎండాకాలం మాత్రం వద్దు. రెంటచింతల ఎండల సంగతి మీకు తెలియనిది కాదు.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట ఇది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ నీటమునిగిపోతుందని, 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. బయటపడిన కట్టడాల్లో కొన్నింటిని కొండమీదికి చేర్చారు. నీరు నిండాక ఆ కొండే దీవి అయింది. లాంచీ మనల్ని తీసుకెళ్ళేది అక్కడికే. నీటిమట్టాన్ని, గాలిని బట్టి లాంచీలు నడుస్తాయి కనుక ముందే వాకబు చేసుకోండి.

మ్యూజియం చూసి చెట్టు కింద పులిహోర పొట్లం విప్పితే యాత్ర పూర్తయినట్టు కాదు. మహాచైత్యం, స్నానఘట్టం చుట్టూ నడవండి. పిల్లలకు మీరే చూపించండి. ఒడ్డుకు తిరిగొచ్చాక అనుపులో తిరిగి నిర్మించిన రంగస్థలం మెట్లు ఒకటి రెండుసార్లు ఎక్కి దిగండి. ఇంకో విశేషం. నాగార్జునకొండ శాసనమొకదానిలో "విగతజ్వరాలయం" అన్న మాట ఉంది. అది జ్వరపీడితుల కోసం విహారంలో ఏర్పరచిన చోటని పండితులు చెబుతారు. వైద్యుడిగా నాకు ఆ మాట ఎంతో ముచ్చటగొలుపుతుంది.

ఇక జాగ్రత్తలు. లాంచీ ఎక్కగానే లైఫ్ జాకెట్ తొడుక్కుని పట్టీలు బిగించుకోండి. చీర నలుగుతుందనో, ఉక్కపోస్తుందనో ఒళ్ళో పెట్టుకుంటే అది జాకెట్టు కాదు, దిండు! 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగి ఎన్ని కుటుంబాలు దుఃఖంలో మునిగాయో మరిచిపోకండి. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు చేరవద్దు. రిజర్వాయరులో ఈత సాహసం అసలే వద్దు.

కడుపులో తిప్పేవారు బయల్దేరే ముందు బజ్జీలు, నూనె వేపుళ్ళు మానేసి, రెండు ఇడ్లీలు తిని ఎక్కండి. లాంచీ మధ్యలో కూర్చుని దూరంగా ఉన్న ఒడ్డును చూడండి. పుస్తకం, సెల్‌ఫోన్ చూడకండి.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారు భోజనం వేళ దాటనివ్వకూడదు. మామూలు కంటే ఎక్కువ నడిచిన రోజున చక్కెర పడిపోవచ్చు. చెమట, వణుకు, గాభరా, విపరీతమైన ఆకలి కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. కాబట్టి పంచదార పొట్లం జేబులో ఉండాలి. ఉత్త కాళ్ళతో మాత్రం నడవకండి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి. మెట్లెక్కుతుంటే గుండెల మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లని చెమట పట్టినా "గ్యాసులే" అని సోడా తాగి సరిపెట్టుకోవద్దు. మనవారిలో ఎందరి ప్రాణాలో ఆ ఒక్క మాట మింగేస్తోంది. అక్కడే కూర్చోండి. పక్కవారికి, లాంచీ సిబ్బందికి వెంటనే చెప్పండి. పెద్దాసుపత్రి అక్కడికి దగ్గర కాదు కాబట్టి ప్రతి నిమిషమూ విలువైనదే. మెట్లెక్కితే ఆయాసపడేవారు, గుండెజబ్బు ఉన్నవారు ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించుకోవాలి.

ఒక్కరోజు నడకతో ఒళ్ళు తగ్గదు. వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట చొప్పున చురుగ్గా నడవాలి. యాత్రకు నెల ముందు నుంచే ఇంటిల్లిపాదీ మొదలుపెట్టండి. అప్పుడు కొండ మీద మీ మనవడు పరుగెత్తితే, వాడి వెనకాలే మీరూ వెళ్ళగలుగుతారు.